చెరువులో పూడిక తీయలేదంటే బురద చల్లినట్టేనా? ఎన్నికల ప్రచారంలో పాజిటివ్, నెగెటివ్ అసలు సంగతి

2024 ఏప్రిల్, మే నెలల్లో ఆంధ్రప్రదేశ్‌లో భూమి ఉన్న ఇళ్లన్నిటికీ రెండు మాటలు చేరాయి. కొత్త చట్టం వచ్చింది, మీ భూమి మీది కాకుండా పోతుంది అన్నది ఒకటి. కొత్త చట్టం వచ్చింది, ఇకమీదట మీ భూమికి సర్కారే పూచీ అన్నది రెండోది. రెండు మాటలూ ఒకే చట్టం గురించి, ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి. ఫోన్ ఎత్తితే ఒకటి, టీవీ పెడితే ఇంకొకటి.

మొదటిది నెగెటివ్ ప్రచారమని, రెండోది పాజిటివ్ ప్రచారమని ఎవరైనా ఠక్కున చెప్పేస్తారు. ఆ వెంటనే మనకు తెలియకుండానే ఇంకో అడుగు వేసేస్తాం. పాజిటివ్ కాబట్టి మంచిదనీ, నెగెటివ్ కాబట్టి చెడ్డదనీ అనేసుకుంటాం. చిక్కంతా ఈ రెండో అడుగులోనే ఉంది. ‘మేం చేసిన పని చెప్పుకుని ఓటు అడుగుతున్నాం, వాళ్లు మా మీద బురద చల్లి ఓటు అడుగుతున్నారు’ అనే మాట ప్రతి ఎన్నికలో ప్రతి పార్టీ నోటా వినిపిస్తుంది. అందులో నిజమెంతో తేల్చుకోవాలంటే ముందు ఈ రెండు పదాలను విప్పి చూడాలి.

ఎవరి గురించి మాట్లాడుతున్నారన్నదే తేడా

ప్రచారాన్ని అధ్యయనం చేసేవాళ్లు వాడే అర్థం చాలా సాదాగా ఉంటుంది. అభ్యర్థి తన గురించి, తన పార్టీ గురించి, తాను చేయబోయే పనుల గురించి చెబితే పాజిటివ్. ఎదుటివాళ్ల గురించి, వాళ్ల వైఫల్యాల గురించి, వాళ్లు గెలిస్తే వచ్చే ముప్పు గురించి చెబితే నెగెటివ్. రెండూ కలిపి, ‘వాళ్లు అది చేయలేదు, మేం ఇది చేస్తాం’ అంటే అది పోలిక. ఈ లెక్కలో నిజం, అబద్ధం అనే ప్రశ్నే లేదు. మర్యాద, అమర్యాద అనే ప్రశ్న కూడా లేదు. చెప్పే మాట ఎవరి గురించి అన్నది ఒక్కటే కొలత.

ఒక పంచాయతీ ఎన్నిక ఊహించుకుందాం. ఇద్దరు సర్పంచ్ అభ్యర్థులు, ఊళ్లో పూడిపోయిన చెరువు. పాత సర్పంచ్‌పై పోటీ చేస్తున్నాయన అయిదు మాటలు అనవచ్చు.

‘నన్ను గెలిపిస్తే చెరువులో పూడిక తీయిస్తాను.’ ఇది పాజిటివ్.

‘అయిదేళ్లలో ఆయన చెరువులో తట్టెడు మట్టి తీయించలేదు.’ ఇది నెగెటివ్.

‘ఆయన తీయించలేదు, నేను తీయిస్తాను.’ ఇది పోలిక.

‘ఆయన మళ్లీ గెలిస్తే చెరువును పూడ్చి ప్లాట్లు వేసి అమ్ముకుంటాడు.’ ఇదీ నెగెటివే. కానీ ఇది జరిగిన సంగతి కాదు, జరుగుతుందంటూ పెట్టే భయం.

‘ఆయన ఇంట్లో సంగతి ఊరందరికీ తెలిసిందే కదా.’ ఇది కూడా నెగెటివ్ కిందకే వస్తుంది. చెరువుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

చివరి నాలుగింట్లోనూ ఎదుటివాడి ప్రస్తావన ఉంది. అంతమాత్రాన నాలుగింటినీ ఒకే గాటన కట్టగలమా? రెండో మాట నిజమో కాదో చెరువు గట్టు మీద నిలబడితే తెలిసిపోతుంది. మొదటి మాట ఎంత తియ్యగా ఉన్నా, అది నిలబడుతుందో లేదో తెలియడానికి అయిదేళ్లు పడుతుంది. అంటే ఓటు వేసే రోజుకి సరిచూసుకోగలిగే సమాచారం నెగెటివ్ మాటలోనే ఎక్కువగా ఉంది. అమెరికా రాజకీయ శాస్త్రవేత్త జాన్ గీర్ అధ్యక్ష ఎన్నికల టీవీ ప్రకటనలను పరిశీలించి ఇంచుమించు ఇదే వాదన చేశారు. ఎదుటివారిపై దాడి చేసేటప్పుడు ఆధారం చూపించక తప్పదు, తమను తాము పొగుడుకునేటప్పుడు ఆ అవసరం పెద్దగా ఉండదు అన్నది ఆయన మాటల సారాంశం.

అయితే నాలుగో మాట, అయిదో మాట సంగతి వేరు. ‘నెగెటివ్’ అనే ఒక్క పేరు కింద విమర్శ, భయపెట్టడం, దూషణ అనే మూడు వేర్వేరు పనులు దాక్కుని ఉంటాయి. వాటిని విడదీయకుండా ‘నెగెటివ్ ప్రచారం ఆపాలి’ అంటే, దూషణతో పాటు విమర్శ నోరూ మూయించమని అడిగినట్టవుతుంది. ప్రశ్నించే హక్కే లేకపోతే ప్రతిపక్షం దేనికి?

1983: కోపమూ ఆశా ఒకే వ్యాన్ ఎక్కిన ఎన్నిక

పాజిటివ్, నెగెటివ్ రెండూ ఎలా అల్లుకుపోతాయో చూడాలంటే మనకు దూరదేశం పోవాల్సిన పని లేదు. 1982 మార్చి 29న ఎన్.టి.రామారావు తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. తొమ్మిది నెలలు దాటిన కొద్ది రోజులకే, 1983 జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 294 స్థానాల శాసనసభలో పార్టీకి 200కు పైగా సీట్లు వచ్చాయి.

ఆ ప్రచారానికి గుండెకాయ ‘తెలుగువారి ఆత్మగౌరవం’. వినడానికి అది పూర్తిగా పాజిటివ్ మాట. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు. కానీ ఆ రోజుల్లో ఆ మాట విన్నవాళ్లకు వెంటనే గుర్తొచ్చింది ఏమిటి? 1978 నుంచి 1983 లోపు కాంగ్రెస్ అధిష్ఠానం నలుగురు ముఖ్యమంత్రులను మార్చింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యకు రాజీవ్ గాంధీ చేతిలో ఎదురైన అవమానం జనం నోళ్లలో నానుతూనే ఉంది. ‘గౌరవం’ అనగానే ‘అవమానం’ గుర్తొచ్చేది. పైకి ఆశ, లోపల కోపం.

కోపం ఒక్కటే చాలేదా? ఆ ఎన్నిక మీద నా అభిప్రాయం, చాలదని. ఢిల్లీ మీద కోపం ఉన్నవాడు కూడా రేపు పొద్దున వంటింట్లో ఏం మారుతుందని అడుగుతాడు. దానికి జవాబు కిలో రెండు రూపాయల బియ్యం. చైతన్యరథం మీద నుంచి వినిపించిన ప్రసంగాల్లో ఈ రెండూ జంటగా నడిచాయి.

2004లోనూ ఇదే జోడీ వేరే రూపంలో కనిపించింది. 2003 ఏప్రిల్‌లో చేవెళ్లలో మొదలై ఇచ్ఛాపురం దాకా సాగిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి పాదయాత్ర కరవును, రైతుల కష్టాలను ప్రభుత్వం మీద ఆరోపణగా నిలబెట్టింది. దానికి జతగా ఉచిత విద్యుత్ హామీ వచ్చింది. అది సాధ్యమయ్యే పని కాదని అధికార పక్షం వాదించింది. ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 185 సీట్లు, తెలుగుదేశానికి 47 వచ్చాయి. ప్రమాణ స్వీకారం రోజునే ఉచిత విద్యుత్ ఫైలు మీద మొదటి సంతకం పడింది.

ఇదే తర్కాన్ని పూర్తిగా తిరగేసి వాడిన ఎన్నిక చిలీ దేశంలో జరిగింది. 1988 అక్టోబరు 5న అక్కడి సైనిక పాలకుడు పినోచే మరో ఎనిమిదేళ్లు కొనసాగాలా వద్దా అని ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ‘వద్దు’ పక్షానికి రోజూ టీవీలో దక్కింది పావుగంట. వాళ్లు అడుగుతున్నదే నెగెటివ్ ఓటు. చెప్పుకోవడానికి హత్యలు, మాయమైపోయిన మనుషులు, చిత్రహింసలు ఎన్నో ఉన్నాయి. ఆ బాధను చూపిస్తూనే, ప్రచారాన్ని మాత్రం ఇంద్రధనుస్సు గుర్తు మీద, ‘ఆనందం వచ్చేస్తోంది’ అన్న పాట మీద నడిపించారు. భయంతో ఏళ్ల తరబడి బతికినవాళ్లను ఇంకా భయపెడితే ఇంట్లోనే ఉండిపోతారని వాళ్ల ఆలోచన. సుమారు 56 శాతం మంది ‘వద్దు’ అన్నారు.

అయినా పార్టీలు దాడికే ఎందుకు మొగ్గుతాయి?

మనిషి మనసు తీరు ఒక కారణం. మంచివార్త కన్నా చెడువార్త తొందరగా తలకెక్కుతుంది, ఎక్కువ కాలం గుర్తుంటుంది. ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అన్న సామెత మనకు ఎంత అలవాటైపోయిందంటే, ఆరోపణ అబద్ధమని తేలిన తర్వాత కూడా ‘ఏదో ఉండే ఉంటుందిలే’ అనుకుంటాం. ప్రచారం నడిపేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

రెండో కారణం కుర్చీ. అధికారంలో ఉన్నవాళ్లకు చూపించుకోవడానికి పథకాలు, రోడ్లు, శిలాఫలకాలు ఉంటాయి. ప్రతిపక్షం చేతిలో ఉన్నది ప్రశ్న ఒక్కటే. ‘ఛార్జిషీట్’ పేరుతో పార్టీలు విడుదల చేసే పుస్తకాలు ఇందుకే పుట్టాయి. ప్రతిపక్షం నెగెటివ్‌గా, అధికార పక్షం పాజిటివ్‌గా మాట్లాడటం చాలావరకు వాళ్లున్న చోటును బట్టి వస్తుంది. అందులో గుణగణాల పాత్ర తక్కువ. అధికార పక్షానికి ఓటమి భయం పట్టుకుంటే అది కూడా దాడిలోకి దిగుతుంది. 2023 తెలంగాణ ఎన్నికలే చూడండి. బీఆర్ఎస్‌కు రైతుబంధు, ఇంటింటికీ నల్లా నీళ్లు వంటి చెప్పుకోదగ్గ పథకాలు ఉన్నా, ప్రచారంలో ‘కాంగ్రెస్ వస్తే మూడు గంటల కరెంటే’ అన్న హెచ్చరిక మోగిపోయింది. దానికి మూలం, ఆ ఏడాది జూలైలో రేవంత్‌రెడ్డి అమెరికాలో అక్కడి తెలుగువారితో అన్న మాటలు. చిన్న రైతుకు ఎకరాకు గంట చొప్పున ఎంత కరెంటు అవసరమో లెక్క చెబుతూ అన్నవవి. అన్న మాట నిజం, దాని చుట్టూ ఉన్న సందర్భం మాయం. ఉచిత విద్యుత్‌ను కొనసాగిస్తామని కాంగ్రెస్ పదేపదే వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది.

అయినా ఆ దాడి బీఆర్ఎస్‌ను గట్టెక్కించలేదు. ‘మార్పు కావాలి’ అన్న నినాదంతో, ఆరు గ్యారంటీలతో వచ్చిన కాంగ్రెస్ 119లో 64 సీట్లు గెలిచింది. దాడి చేస్తే గెలుస్తారన్న గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

పరిశోధనలు కూడా ఇదే చెబుతున్నాయి. అమెరికాలో 1990ల్లో అన్సొలబెహేర్, అయ్యంగార్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రయోగాలు చేసి, దాడి ప్రకటనలు చూసినవారిలో ఓటు వేయాలన్న ఉత్సాహం తగ్గుతోందని వాదించారు. చాలాకాలం అదే చివరి మాటగా చలామణి అయింది. 2007లో లావ్, సిగెల్‌మన్, రోవ్‌నర్ అనే మరో ముగ్గురు 111 అధ్యయనాల ఫలితాలను కలిపి చూశారు. నెగెటివ్ ప్రచారం ఓట్లు తెస్తుందనడానికి గానీ, పోలింగ్ శాతం తగ్గిస్తుందనడానికి గానీ నిలకడైన ఆధారం వాళ్లకు కనబడలేదు. దాడులు జనానికి ఎక్కువగా గుర్తుంటాయి, రాజకీయ వ్యవస్థ మీద నమ్మకం మాత్రం కాస్త సడలుతుంది అన్నంతవరకే తేలింది. ఇవి ఎక్కువగా రెండు పార్టీల దేశంలో జరిగిన అధ్యయనాలని గుర్తుంచుకోవాలి. మన దగ్గర 2024 ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో మాటల దాడి శ్రుతి మించినా పోలింగ్ 81 శాతం దాటింది. ఒక్క ఎన్నికను పట్టుకుని సిద్ధాంతం కట్టలేం గానీ, ‘తిట్లు వింటే జనం ఓటు మానేస్తారు’ అన్న మాట ఇక్కడ అంత తేలిగ్గా అతకదు.

రాయి వేసినవాడికే తగలడం

దాడి ఎప్పుడు ఎదురు తిరుగుతుందన్న దానికి చిన్న లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవే. వెయ్యి ఓట్లున్న ఊరు, ముగ్గురు అభ్యర్థులు. ప్రచారానికి ముందు ఒకటో అభ్యర్థికి 400, రెండో అభ్యర్థికి 380, మూడో అభ్యర్థికి 220 ఓట్లున్నాయి.

రెండో అభ్యర్థి ఒకటో అభ్యర్థి పనితీరు మీద ఆధారాలతో విమర్శ చేశాడు. 60 మంది ఒకటో అభ్యర్థిని వదిలేశారు. వాళ్లలో 25 మంది రెండో అభ్యర్థి దగ్గరకు, 35 మంది మూడో అభ్యర్థి దగ్గరకు వెళ్లారు. ఇప్పుడు లెక్క 340, 405, 255. రెండో అభ్యర్థి గెలిచాడు. అతను కష్టపడి కదిలించిన ఓట్లలో సగానికి పైగా మూడోవాడి సంచిలో పడ్డాయన్నది గమనించండి.

ఈసారి రెండో అభ్యర్థి విమర్శ బదులు కుటుంబాన్ని తిట్టాడనుకుందాం. 30 మంది మాత్రమే ఒకటో అభ్యర్థిని వదిలారు. 10 మంది రెండో అభ్యర్థి వైపు, 20 మంది మూడో అభ్యర్థి వైపు కదిలారు. తిట్లు నచ్చక రెండో అభ్యర్థి సొంత ఓటర్లలో 30 మంది దూరమయ్యారు. వాళ్లలో 20 మంది మూడో అభ్యర్థికి వేశారు, 10 మంది ఇంట్లో కూర్చున్నారు. చివరి లెక్క 370, 360, 260. తిట్టినవాడు ఓడిపోయాడు. ముక్కోణపు పోటీల్లో దాడి ఫలం పక్కవాడు తినిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

నిజ జీవితంలో ఇంకో మలుపు కూడా ఉంది. దెబ్బ తిన్నవాడు ఆ రాయినే కిరీటంలో పొదుగుకోవడం. 2007 గుజరాత్ ఎన్నికల్లో సోనియా గాంధీ నోట వచ్చిన ‘మృత్యు వ్యాపారి’ అన్న మాటను నరేంద్ర మోదీ గుజరాత్‌కే జరిగిన అవమానంగా మలిచారు. 182లో 117 సీట్లు గెలిచారు. 2014 ఎన్నికల ముందు మోదీ టీ అమ్మడం గురించి కాంగ్రెస్ నేత మణిశంకర్ అయ్యర్ చేసిన ఎగతాళి బీజేపీ ‘చాయ్ పే చర్చా’ కార్యక్రమానికి ఊపునిచ్చింది. 2019లో మోదీని ఉద్దేశించిన ‘చౌకీదార్ చోర్’ (కాపలాదారే దొంగ) అన్న నినాదానికి జవాబుగా బీజేపీ నేతలు తమ పేర్ల ముందు చౌకీదార్ అని పెట్టుకున్నారు. ఆ గెలుపులకు ఇవే కారణాలని చెప్పలేం. కానీ ఒక పోలిక కనిపిస్తుంది. ఎగతాళి మనిషి పుట్టుక మీదకో, బతుకుతెరువు మీదకో, రూపం మీదకో పోయినప్పుడు, అలాంటి పుట్టుక, అలాంటి బతుకుతెరువు ఉన్న ఓటరు అది తనకే తగిలిందనుకుంటాడు. కెనడాలో 1993లో అధికార పార్టీ, ప్రత్యర్థి జాన్ క్రెటియెన్ ముఖాన్ని వెక్కిరిస్తున్నట్టు కనిపించే ప్రకటన వేసింది. చిన్నప్పటి పక్షవాతం వల్ల ఆయన నోరు ఒక వైపుకు ఉండేది. జనం మండిపడ్డారు, ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అప్పటికే కష్టాల్లో ఉన్న ఆ పార్టీకి మిగిలినవి రెండే సీట్లు.

తియ్యటి మాటల వెనక

ఇక పాజిటివ్ ప్రచారం వైపు వద్దాం. దానికి మన దగ్గర పరీక్షలు తక్కువ, అదే నాకు ఎక్కువ ఆందోళన కలిగించే సంగతి.

2004లో ఎన్డీయే నడిపిన ‘ఇండియా షైనింగ్’ చూడచక్కని ప్రచారం. ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. దేశం వెలిగిపోతోందని మాత్రమే చెప్పింది. వెలుగు తమ దాకా రాని వాళ్లకు అది తమ కష్టాన్ని కాదన్నట్టు వినిపించింది. సామాన్యుడికి ఏం దక్కిందని కాంగ్రెస్ వేసిన ఒక్క ప్రశ్న ఆ కోట్ల రూపాయల ప్రకటనలకు ఎదురు నిలిచింది.

హామీల సంగతి ఇంకా లోతైనది. మేనిఫెస్టోలో ఉచితాలు ప్రకటించడం చట్టప్రకారం ‘అవినీతి పద్ధతి’ కాదని 2013 జూలైలో తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మేనిఫెస్టోలకు మార్గదర్శకాలు రూపొందించమని ఎన్నికల సంఘాన్ని ఆదేశించింది. ఆ తర్వాత ప్రవర్తనా నియమావళిలో కొత్త భాగం చేరింది. ఇచ్చిన హామీకి కారణం ఏమిటో, డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చెప్పాలి. మన మేనిఫెస్టోల్లో ఆ డబ్బు లెక్క ఎంత వివరంగా ఉందో ఈసారి చేతికి వచ్చినప్పుడు వెతికి చూడండి. ఎదుటివాడి మీద అబద్ధం చెబితే అతనైనా లేచి కాదంటాడు. తన శక్తికి మించిన హామీ ఇస్తే కాదనేవాడు ఉండడు, ఎందుకంటే ఎదుటి పార్టీ అంతకన్నా పెద్ద హామీ ఇచ్చే పనిలో ఉంటుంది.

‘మనవాడు’ అన్న పిలుపు కూడా ఈ కోవలోదే. ‘మన కులం వాడికి ఓటేద్దాం’ అన్న వాక్యంలో నెగెటివ్ ముక్క ఒక్కటీ లేదు. అభిమానమే ఉంది. కానీ ప్రజా ప్రాతినిధ్య చట్టం 1951లోని 123(3) సెక్షన్ ప్రకారం మతం, జాతి, కులం, భాష పేరు చెప్పి అభ్యర్థి ఓటు అడగడం అవినీతి పద్ధతి, దాని మీద ఎన్నికే రద్దు కావచ్చు. అభ్యర్థి మతం, కులమే కాదు, ఓటరు మతం, కులం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4-3 మెజారిటీతో తీర్పు ఇచ్చింది. విభేదించిన ముగ్గురి వాదన కూడా కొట్టిపారేసేది కాదు. తరతరాలుగా కులం పేరుతో అణచివేతకు గురైనవాళ్లు ఆ బాధను ఎన్నికల్లో చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకుంటారని వాళ్లు అడిగారు.

చట్టం ఎక్కడ గీత గీసింది?

1960లో కేరళలో పురుడు పోసుకున్న ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఈ విషయంలో స్పష్టంగానే మాట్లాడుతుంది. ఎదుటి పార్టీని విమర్శించవచ్చు. ఆ విమర్శ వాళ్ల విధానాలు, కార్యక్రమాలు, గత చరిత్ర, చేసిన పనుల వరకే ఉండాలి. ప్రజా జీవితంతో సంబంధం లేని సొంత బతుకు జోలికి పోకూడదు. నిర్ధారణ కాని ఆరోపణలు, వక్రీకరణలు మానుకోవాలి. అంటే మన చెరువు ఉదాహరణలో రెండో మాటకు తలుపు తెరిచే ఉంచి, అయిదో మాటకు మూసింది. నెగెటివ్ ప్రచారాన్ని మన నియమావళి నిషేధించిందనుకోవడం పొరపాటు.

నియమావళి వెనక చట్టం బలం లేదు. నోటీసు, మందలింపు, కొన్ని గంటలపాటు ప్రచార నిషేధం దాని ఆయుధాలు. సిరిసిల్లలో ఏప్రిల్ 5న చేసిన వ్యాఖ్యలకు కేసీఆర్‌ను ఎన్నికల సంఘం 2024 మే 1 రాత్రి నుంచి 48 గంటలు ప్రచారానికి దూరం పెట్టింది. మాటకూ శిక్షకూ మధ్య దాదాపు నెల రోజులు. అన్న మాట ఆపాటికి ఊరూరా తిరిగొచ్చేసి ఉంటుంది.

చట్టం బలం ఉన్నది 123(4) సెక్షన్‌కు. అభ్యర్థి వ్యక్తిగత శీలం, నడవడి గురించి అబద్ధమని తెలిసి, అతని గెలుపు అవకాశాలు దెబ్బతీసేలా ప్రచారం చేస్తే అది అవినీతి పద్ధతి. గెలిచిన అభ్యర్థి మీద 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయాలి. 127ఏ సెక్షన్ ప్రకారం ప్రతి కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవాళ్ల, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. రాత్రికి రాత్రి గోడ మీద వెలిసే పేరు లేని పోస్టరు ఆ ఒక్క కారణంతోనే చట్టవిరుద్ధం.

టీవీ ప్రకటనల కథలో మన తెలుగువాళ్ల పాత్ర ఉంది. కేబుల్ టీవీల్లో రాజకీయ ప్రకటనలు వేయకూడదన్న నిబంధనను 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పక్కన పెట్టింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. జెమిని టీవీ పేరుతో గుర్తుండిపోయిన ఆ కేసులో 2004 ఏప్రిల్ 13న వచ్చిన ఉత్తర్వు వల్లే నేటికీ ప్రకటనలను ముందుగా కమిటీకి చూపించి ధ్రువీకరణ తీసుకోవాల్సి వస్తోంది.

ఈ ఏర్పాట్లన్నీ ‘ఈ మాట ఎవరిది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికినప్పుడే పనిచేస్తాయి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చే వీడియోకు ముద్రాపకుడి చిరునామా ఉండదు. 2024 ఏప్రిల్‌లో రిజర్వేషన్లపై అమిత్ షా తెలంగాణ ప్రసంగాన్ని కత్తిరించి అర్థం మార్చిన వీడియో మీద ఢిల్లీ పోలీసులు కేసు పెట్టారు. అది తెలంగాణ కాంగ్రెస్ సోషల్ మీడియా బృందం దాకా వచ్చింది. ఆ వెంటనే మే 6న, ఇలాంటి మార్ఫింగ్ వీడియోలను తమ దృష్టికి వచ్చిన మూడు గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం పార్టీలను ఆదేశించింది.

మళ్లీ భూమి దగ్గరకు

మొదట్లో చెప్పిన రెండు మాటలను ఇప్పుడు విప్పి చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి ఎన్నికలకు ముందే న్యాయవాదులు రోడ్డెక్కారు. భూ హక్కు వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి, టైటిల్ రిజిస్ట్రేషన్ అధికారి దగ్గర, ఆపైన అప్పిలేట్ అధికారి దగ్గర, చివరకు హైకోర్టులో తేల్చుకోమనడం వాళ్ల ప్రధాన అభ్యంతరం. ఇది చట్టం చదివి సరిచూసుకోగల విమర్శ, విధానం మీద విమర్శ.

తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి ప్రచారంలో ఇది ‘మీ భూములు లాక్కుంటారు’ అన్న మాటగా మారింది. చట్టంలో అలా రాసి లేదు. అధికారుల చేతిలో అంత అధికారం పెడితే అలా జరగొచ్చన్న అనుమానం, జరిగి తీరుతుందన్న హెచ్చరిక అయింది. అయితే ఆ భయం గాల్లోంచి పుట్టలేదు. పాసుపుస్తకాల మీద, సర్వే రాళ్ల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో, పేరు కనబడేవి. తాతల నాటి పొలం రాయి మీద ఇంకొకరి పేరు చూసిన రైతుకు ఆ హెచ్చరిక నమ్మబుద్ధయింది. పాజిటివ్ ప్రచారం కోసం వేయించుకున్న ఫొటోయే నెగెటివ్ ప్రచారానికి సాక్ష్యంగా నిలబడిందన్నమాట.

వైసీపీ జవాబులోనూ బలం ఉంది. రిజిస్ట్రేషన్ పత్రానికి మించి హక్కుకే ప్రభుత్వం పూచీ ఇవ్వడం చట్టం ఉద్దేశం. దీనికి నమూనా తయారుచేసింది కేంద్ర ప్రభుత్వ సంస్థ నీతి ఆయోగ్. కేంద్రంలో అధికారంలో ఉన్న బీజేపీయే కూటమిలో ఉండి దీన్ని తిట్టడం ఎలా కుదురుతుందని వైసీపీ అడిగింది. నియమాలే ఇంకా రాలేదని, సర్వే పూర్తవకుండా అమలు చేయబోమని చెప్పింది. కానీ చట్టం అమల్లోకి వచ్చినట్టు 2023 చివర్లోనే ఉత్తర్వు వచ్చి ఉండటంతో ఆ సమాధానం జనానికి గజిబిజిగా వినిపించింది. ‘మీ భూమి పోతుంది’ అన్న మూడు ముక్కలకు మూడు పేజీల వివరణ దీటుగా నిలవలేదు.

ఈ చట్టం గురించి ఫోన్లలో వచ్చిన ఐవీఆర్ఎస్ కాల్స్ (ముందే రికార్డు చేసిన మాట వినిపించే కాల్స్) మీద వైసీపీ ఫిర్యాదు చేసింది. ఎన్నికల సంఘం సూచనతో సీఐడీ కేసు నమోదు చేసింది. కానీ 123(4) కింద ఇలాంటి ప్రచారాన్ని పట్టుకోవడం కష్టం. ఆ సెక్షన్ కాపాడేది అభ్యర్థి వ్యక్తిగత శీలాన్ని. ఒక చట్టం గురించో, పథకం గురించో, బడ్జెట్ గురించో చెప్పిన అబద్ధం దాని పరిధిలోకి రాదు. ‘మీ భూమికి ఏ ఇబ్బందీ లేదు’ అన్న అతి భరోసా కూడా రాదు. ఓటరు బతుకును ఎక్కువగా తాకే అబద్ధాలు, అవి ఏ పక్షానివైనా, చట్టం గీసిన గీతకు అవతలే ఉన్నాయి. విధానాల మీద ఏది నిజమో కోర్టులు తేల్చడం మొదలుపెడితే రాజకీయ చర్చే ఆగిపోతుందని దీన్ని సమర్థించేవాళ్లు అంటారు. ఆ వాదనలో నిజం ఉంది. దాని ఖరీదు ఎవరు కడుతున్నారో కూడా చూడాలి.

కూటమి 175లో 164 సీట్లు గెలిచింది. జూన్‌లో చంద్రబాబు బాధ్యతలు తీసుకుంటూ చట్టం రద్దు ఫైలు మీద రెండో సంతకం పెట్టారు. జూలైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది. ఆ లెక్కన అది నిలబెట్టుకున్న హామీ. అయితే మన దేశంలో రిజిస్ట్రేషన్ ఆఫీసు నమోదు చేసేది పత్రాన్నే, అమ్మినవాడికి నిజంగా హక్కు ఉందా లేదా అన్నది అది తేల్చదు. అందుకే ఒకే స్థలం ఇద్దరికి అమ్ముడుపోతుంది, అన్నదమ్ముల వివాదం మనవల దాకా నడుస్తుంది. ఆ చట్టం ఈ సమస్యకు మందు అని ఒకరన్నారు, విషం అని ఇంకొకరన్నారు. చట్టం పోయింది. డాక్యుమెంటు చేతిలో ఉన్నా భూమి తనదని సర్కారు పూచీ ఇవ్వని రైతు మాత్రం 2024కు ముందున్న చోటే ఉన్నాడు.